హైదరాబాద్‌లో మే నెల చుక్కలు: డాబా చాలా, ఊరు దాటాలా?

వేసవి_గాలి
పిల్లలకి సెలవులు. పెద్దది ఆరో తరగతి. పుస్తకంలో సప్తర్షి మండలం బొమ్మ చూసి, ఇది మన ఇంటి మీద ఎందుకు లేదని అడుగుతోంది. ఉందమ్మా అంటే నమ్మట్లేదు. చూపిద్దామంటే నాకూ దొరకట్లేదు. మాది నిజాంపేట. చుట్టూ టవర్లు, ఎదురుగా పెద్ద హోర్డింగు, రాత్రి పదకొండుకి కూడా ఆకాశం తెల్లగా వెలిసిపోయి ఉంటుంది. డాబా మీదకి పోదామంటే, పిల్లలు ట్యాంకుల దగ్గర ఆడుతున్నారని అసోసియేషన్ వాళ్లు తాళం వేశారు.

నా చిన్నప్పుడు సూర్యాపేట దగ్గర మా ఊళ్లో ఎండాకాలం అంటే వాకిట్లో నీళ్లు చల్లి నవారు మంచాలు వేసుకోవడమే. నిద్ర పట్టేదాకా చుక్కలే. నా పిల్లలకి ఎండాకాలం అంటే తలుపులు బిగించిన ఏసీ గది. ఇది నాకు చాలా బాధగా ఉంది.

రెండు అడుగుతున్నాను. సిటీలో ఉండి ఏమైనా చూడగలమా? ఊరు దాటాల్సిందే అయితే, చిన్నపిల్లలతో రాత్రిపూట భయం లేకుండా ఉండగలిగే చోటు ఎటు ఉంది?

లక్డీకాపూల్_రవి
సిటీలో చంద్రుడు, శుక్రుడు, గురుడు. అంతే లెక్క. మిగతావన్నీ తెల్ల ఎల్‌ఈడీ లైట్లు మింగేశాయి. తాళం కోసం అసోసియేషన్‌తో గొడవపడి పైకెక్కి, ఏం కనపడక పిల్లలు మొహాలు వేలాడేసుకుని దిగడం ఎందుకు? నేరుగా కారు తీసి వికారాబాద్ వైపు పొండి.

చుక్కల_పంతులు
రవి గారూ, మీతో ఏకీభవించను. నేనుండేది మల్కాజిగిరి, వెలుతురుకి అక్కడా కొదవ లేదు. సిటీ వెలుతురు మసక చుక్కల్ని మింగుతుంది. పెద్ద చుక్కలు దానికి లొంగవు. మే నెలలో తలెత్తితే పెద్ద చుక్కలే ఎక్కువ.

వేసవి_గాలి గారూ, నెల మధ్యలో ఇలా చూడండి. ఎనిమిదింటికి పడమట, కిందుగా, కళ్లు చెదిరేలా ఉండేది శుక్రుడు. దానికి పైన గురుడు. ఈ రెండూ మిణుకుమనవు, నిలకడగా వెలుగుతాయి. ముందు పిల్లలకి ఈ తేడా చూపండి.

తొమ్మిది దాటాక ఉత్తరానికి తిరగండి. నేలకీ నడినెత్తికీ మధ్య, సగానికి కాస్త పైన, నాలుగు చుక్కల చట్రం, దానికి మూడు చుక్కల తోక. మీ అమ్మాయి అడిగింది అదే. ఏడింట్లో ఒకటి కొంచెం మసక, మిగతా ఆరూ సిటీలోనూ దొరుకుతాయి. తోక ఎటు వంగిందో అటే చూపు పోనివ్వండి. నారింజ రంగులో పెద్ద చుక్క తగులుతుంది. అది స్వాతి. పదకొండు గంటలకి దాదాపు మన నడినెత్తికి వస్తుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, స్వాతి 19 డిగ్రీల దారిలో నడుస్తుంది. అందుకే మన ఊరికి ఆ చుక్క అంత దగ్గరి చుట్టం.

అదే వంపులో ఇంకా దక్షిణానికి దిగితే నీలం కలిసిన తెలుపులో చిత్త. చిత్తకి పడమటి పక్కన చిన్న నాలుగు చుక్కలు హస్త. పది దాటాక ఆగ్నేయంలో ఎర్రగా కనపడేది జ్యేష్ఠ, దానికి ముందు నడిచే మూడు అనూరాధ. పన్నెండింటికి మూల కూడా పైకొచ్చి వృశ్చికం మొత్తం కొండి ఎత్తి నిలబడుతుంది. రాశులన్నిట్లోకీ పేరుకి తగ్గ ఆకారం ఉన్నది ఇదొక్కటే అని నా అభిప్రాయం.

ఇంకొకటి. స్వాతి మనకి దాదాపు 37 కాంతి సంవత్సరాల దూరం. ఇవాళ మీ కంట్లో పడే వెలుగు 1989 ప్రాంతంలో బయల్దేరింది. మీ ఇంట్లో ఆ ఏడు పుట్టినవాళ్లు ఉంటే, ఆ వెలుగుదీ వాళ్లదీ ఒకటే వయసు.

వేసవి_గాలి
మా ఆయన పుట్టింది 1989లోనే! ఇది చెప్తే పిల్లలు ఈ రాత్రికి నిద్రపోరు.

జాజితీగ
పంతులు గారు చెప్పినవన్నీ కనపడాలంటే ముందు కళ్లకి టైమివ్వాలి. లిఫ్ట్ దిగి రెండు నిమిషాలు పైకి చూసి "ఏం లేవు" అని తీర్పు చెప్పేవాళ్లే ఎక్కువ. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవరైనా ఫోన్ వెలిగించారో, మళ్లీ మొదటినుంచి. మేం టార్చి మీద ఎర్ర గాజుకాగితం కట్టుకుంటాం. ఎర్ర వెలుతురు చీకటి చూపుని అంతగా పాడుచెయ్యదు.

ఎదుటి లైటు కంట్లో పడుతుంటే వాటర్ ట్యాంకు నీడలోకి జరగండి. ఆ ఒక్క గోడ అడ్డం ఉంటే ఎంత తేడానో చూస్తే మీకే తెలుస్తుంది.

ఉప్పల్_బాబాయ్
మీరు సప్తర్షి అంటున్నరు. మా అవ్వ దాన్ని ముసలమ్మ మంచం అనేది. నాలుగు చుక్కలు మంచం కోళ్లు. ఎనుక మూడు చుక్కలు ముగ్గురు దొంగలు. ముసల్ది నిద్రలుండంగనే మంచం ఎత్తుకపోతుంటరట. తెల్లార్లు నడుస్తరు, ఎన్నడు ఇల్లు జేరరు. ఎండకాలం బయట పండుకుంటే రోజు గీ కతనే. నడిజాము అయిందా, కోడి కూసే యాళ్ల అయిందా, మంచం ఎటు ఒరిగిందో చూసి చెప్పేది. మా ఇంట్ల గడియారం లేకుండె.

చుక్కల_పంతులు
బాబాయ్, మీ అవ్వ లెక్క పక్కా. ధ్రువుడి చుట్టూ ఆకాశం గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. మంచం ఎంత ఒరిగిందో కంటికి అలవాటైతే అర్ధగంట తేడాతో టైము చెప్పొచ్చు. మంచానికి తోక లేని వైపు ఉన్న రెండు కోళ్లనీ కలిపి ఆ గీతని ఉత్తరానికి అయిదింతలు పొడిగిస్తే ధ్రువుడు. హైదరాబాద్‌లో అతను నేల నుంచి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే ఎదురు బిల్డింగ్ అడ్డం లేనివాళ్లకే దర్శనం.

మల్లెపందిరి
దొంగల్లో నడిమివాడి పక్కనే ఇంకో చిన్న చుక్క ఉంటుంది, అదే అరుంధతి. నడిమివాడు వశిష్ఠుడు. మా పెళ్లిలో పంతులు గారు పగలు పదకొండింటికి చూపించారు. మండపంలో అందరం కనపడిందనే అన్నాం :) తర్వాత ఓ ఎండాకాలం జడ్చర్ల దగ్గర మా అత్తగారి ఊళ్లో నిజంగా చూశాం. ఇద్దరం ఎంతసేపు అలా నిలబడిపోయామో!

జాజితీగ
పంతుళ్లకి పగలే కనపడుతుంది మరి, వాళ్ల సాధన వేరు :)

అరుంధతి సిటీలో కష్టం. అది కనపడిందంటే మీ డాబా మంచిదని లెక్క. మేమైతే దాన్నే కొలతగా పెట్టుకున్నాం. ఇవాళ అరుంధతి ఉందా లేదా అని ముందు చూసుకుని, తర్వాత మిగతావి.

కొత్తపేట_కుర్రాడు
ఆస్ట్రేలియా జెండా మీద ఉండే సదరన్ క్రాస్ హైదరాబాద్ దగ్గర చూశామని ఎవరో గ్రూపులో ఫొటో పెట్టారు. ఫేకే కదా?

లక్డీకాపూల్_రవి
ఫేకే. అది దక్షిణార్ధగోళం వాళ్లది.

నల్లమల_నడక
ఫేక్ కాదు. లెక్క చాలా తేలిక. ఆ నాలుగు చుక్కలూ ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దక్షిణంగా సుమారు 60 డిగ్రీల దగ్గర ఉంటాయి. తొంభైలోంచి మన 17.4 తీసెయ్యండి, 60 తీసెయ్యండి. పన్నెండున్నర డిగ్రీలు మిగిలింది. సరిగ్గా దక్షిణాన అంత ఎత్తుకి వస్తుందన్నమాట. చెయ్యి చాపి పిడికిలి పెడితే పది డిగ్రీలు. పిడికిలికి కాస్త పైన చూడండి. మే మధ్యలో రాత్రి తొమ్మిది, తొమ్మిదింబావు మంచి సమయం. అచ్చంపేట వైపు చెట్లు అడ్డం లేని చెరువుగట్టు మీద నిలబడి నేను కళ్లారా చూశాను. దానికి ఎడంపక్కన ఆల్ఫా సెంటారీ కూడా పైకొస్తుంది. మామూలు కంటికి కనపడే చుక్కల్లో మన సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరది అదే, నాలుగు కాంతి సంవత్సరాల పైచిలుకు.

చుక్కల_పంతులు
నల్లమల గారి లెక్క సరైనదే. ఆ నాలుగు చుక్కల్నే మనవాళ్లు త్రిశంకుడు అన్నారు. స్వర్గం నుంచి తోసేస్తే విశ్వామిత్రుడు మధ్యలో నిలబెట్టిన రాజు. నేలకి అంత దగ్గరగా, పైకీ పోక కిందకీ రాక వేలాడుతూ కనపడే చుక్కలకి ఆ కథ పెట్టినవాళ్లు ఎంతగా ఆకాశం చూసి ఉంటారో ఆలోచించండి.

చీకటి చోటికి పోయినవాళ్లు ఇంకోటి వదలొద్దు. చిత్తకి సూటిగా కింద, దక్షిణపు అంచు నుంచి పాతిక డిగ్రీల ఎత్తులో, పదింటికి ఒక మసక చుక్క. అది ఒక్క నక్షత్రం కాదు, ఒమేగా సెంటారీ. కోటి దాకా నక్షత్రాలు ఒకే గుంపుగా, దాదాపు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. లండన్‌లో ఉన్నవాళ్లకి ఇది ఎన్నటికీ ఉదయించదు. మనకి ఉదయిస్తుంది.

లక్డీకాపూల్_రవి
కనపడుతుందే అనుకుందాం. సిటీలో పన్నెండు డిగ్రీల ఎత్తంటే ఎదురు అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. నేనన్నది అదే కదా, ఊరు దాటాలి. పాలపుంత చూడని ఆకాశం ఏం ఆకాశం? పిల్లలకి ముందే సగం సగం చూపిస్తే ఇంతేనా అనుకుంటారు.

జాజితీగ
అనుకోరు. మా మేనల్లుడు డాబా మీద స్వాతి, చిత్త పేర్లు నేర్చుకుని ఊరికి పోయాడు. అక్కడ వేల చుక్కలు చూసి బెదరలేదు, ముందు తనకి తెలిసినవి వెతుక్కున్నాడు. ఏమీ తెలియకుండా వచ్చిన పిల్లలు పది నిమిషాలు అబ్బా అని, తర్వాత ఫోన్ అడిగారు.

పాతబస్తీ_గల్లీ
రవి భాయ్, మీరు ఆశ వదులుకోమంటున్న ఈ ఊరు ఒకప్పుడు చుక్కల్ని లెక్కపెట్టిన ఊరు. నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి 1901లో ఫిసల్‌బండలో తన సొంత స్థలంలో అబ్జర్వేటరీ మొదలుపెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం సర్కారు తీసుకుంది. అదే నిజామియా అబ్జర్వేటరీ. తర్వాత బేగంపేటకి మారింది.

అప్పట్లో ప్రపంచంలోని పలు అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసి, ఒక్కొక్క చుక్క ఎక్కడుందో కొలిచి పట్టిక రాసే పని పెట్టుకున్నాయి. అందులో హైదరాబాద్‌కి ఒక భాగం వచ్చింది. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ మనది. ఎక్కడో శాంటియాగో వాళ్లు చెయ్యలేక వదిలేస్తే మనవాళ్లు తీసుకున్నారు. ఆ తర్వాత ఉత్తరాన ఇంకో పట్టీ కూడా చేశారు. గాజు పలకల మీద ఫొటోలు, చేత్తో కొలతలు, లక్షల చుక్కలు, ఏళ్ల తరబడి. ఇదంతా బేగంపేటలో!

ఆ అబ్జర్వేటరీలో పనిచేసిన ఒకాయన కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. ఇక్కడే నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్‌కి వెళ్లి, 1949లో ఒక తోకచుక్క కనిపెట్టారు. దానికి బప్పు పేరు, ఇంకో ఇద్దరి పేర్లు కలిపి పెట్టారు. తమిళనాడులో కావలూరు పెద్ద టెలిస్కోపుకి ఉన్నది ఆయన పేరే. ఆ పిల్లాడు చుక్కలు చూడటం నేర్చుకుంది మన ఆకాశం కిందే.

జాజితీగ
రోజూ ఆఫీసుకి బేగంపేట మీదుగానే పోతాను. ఇది తెలియదు!! ఖలేజా ఉన్న ఊరు మనది.

మంజీర_తీరం
దానికి కొనసాగింపు. సిటీ వెలుతురు పెరిగేసరికి ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు ఇబ్రహీంపట్నం అవతల జపాల్-రంగాపూర్‌లో గుట్ట మీద 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు, 1968లో. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఆ గుట్ట మీదుగా పోయింది. దేశవిదేశాల శాస్త్రవేత్తలు అక్కడే మకాం. మా నాన్న అప్పుడు అటువైపే ఉద్యోగం. ఊళ్లలో జనం తలుపులు బిడాయించుకుని లోపలే ఉన్నారట. ఆయన బయటికొచ్చి నిలబడ్డారు. మధ్యాహ్నం మూడు దాటాక పొద్దు గూకినట్టయి, పక్షులు చెట్లకి చేరి, ఆ రెండు నిమిషాలూ పగలే చుక్కలు కనపడ్డాయని ఇప్పటికీ చెప్తారు. చెప్పేటప్పుడు ఆయన గొంతు మారుతుంది.

వేసవి_గాలి
ఇవన్నీ చదువుతుంటే ఒళ్లు పులకరిస్తోంది. అసోసియేషన్‌తో రేపే మాట్లాడతాను. పెద్దవాళ్లు పక్కనుంటే శనివారాలు తాళం తీస్తారేమో.

ఊరు దాటే సంగతి కూడా చెప్పండి. పిల్లలు, మా అమ్మ కూడా వస్తామంటున్నారు.

నల్లమల_నడక
ముందు దిక్కు తేల్చుకోండి, ఊరు తర్వాత. ఎండాకాలపు ఆకాశంలో అసలు సొగసంతా దక్షిణాన, ఆగ్నేయాన ఉంది. వృశ్చికం, పాలపుంత నడిబొడ్డు, త్రిశంకుడు అన్నీ అటే. సిటీకి ఉత్తరాన నర్సాపూర్ అడవికి పోయారనుకోండి, అడవి బాగుంటుంది, కానీ దక్షిణపు అంచున హైదరాబాద్ వెలుతురు గోడ కట్టి ఉంటుంది. అదే సిటీకి దక్షిణంగా కల్వకుర్తి, దేవరకొండ వైపు పోతే సిటీ వెలుతురు మీ వీపు వెనక పడుతుంది. ఇది పట్టించుకోకుండా చాలామంది దూరమొక్కటే చూసుకుంటారు.

రవి గారన్న వికారాబాద్ అనంతగిరి సుమారు ఎనభై కిలోమీటర్లు. మూసీ పుట్టేది అక్కడే. అడవి అందం మాటల్లో చెప్పలేను. కుటుంబంతో ఉండడానికి టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది. సిటీ వెలుతురు తూర్పున పడుతుంది, దక్షిణం పర్లేదు. శనాదివారాలు మాత్రం చుట్టుపక్కల ప్రైవేటు రిసార్టుల్లో డీజే లైట్లు ఆకాశంలోకి తిప్పుతారు. వీలైతే మామూలు రోజుల్లో పొండి.

ఇంకా చీకటి కావాలంటే అమ్రాబాద్ వైపు, మన్ననూరు. అది పులుల అభయారణ్యం. శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. చీకటి పడకముందే బసకి చేరాలి. అడవిలోకి రాత్రి ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు, బస ఆవరణలోంచే చూడండి, చాలు. అక్కడ అమావాస్య రాత్రి పన్నెండు దాటాక పాలపుంత లేస్తే, మబ్బు పట్టిందేమో అని మొదటిసారి చూసినవాళ్లు కంగారుపడతారు. అది మబ్బు కాదు, చుక్కలు.

కానీ నన్నడిగితే వేసవి_గాలి గారూ, సూర్యాపేట దగ్గర మీ ఊరు ఉందిగా. తెలిసిన మనుషులు, మీ వాకిలి, మీ అమ్మగారికి అలవాటైన చోటు. అంతకన్నా మంచి చోటు నేను చెప్పలేను.

సైనిక్‌పురి_సుధ
నల్లమల గారి చివరి మాటకి నా ఓటు. "ఎక్కడో ఓ చోట రోడ్డు పక్కన కారు ఆపుకుని చూడండి" అని దయచేసి ఎవరికీ చెప్పకండి. ఆడవాళ్లకి, పిల్లలున్నవాళ్లకి అది కుదరదు. మేం నాలుగు కుటుంబాలు కలిసి తెలిసినవాళ్ల మామిడితోటకి పోతాం. పగలే వెళ్లి ఎక్కడ కూర్చోవాలో చూసుకుంటాం. బూట్లు తప్పనిసరి. ఎండాకాలం రాత్రి తేళ్లు, పాములు చల్లదనానికి బయటికొస్తాయి. చాప నేల మీద పరచకండి, మంచాలు అడగండి. వాకిట్లో ఏ పల్లెలోనైనా ఇస్తారు.

ఉప్పల్_బాబాయ్
మామిడికాయ పులిహోర కట్టుకపోండ్రి. రాత్రికి కూడ పాడుగాదు. కుండల నీళ్లు మర్వకుండ్రి.

మల్లెపందిరి
అందరూ పైకే చూడమంటున్నారు, చుట్టూ కూడా చూడండమ్మా. ఈ నెల రోడ్ల పక్కన రేల చెట్లు పసుపు గుత్తులు వేలాడేస్తాయి. ఎండ ముదిరేకొద్దీ ఆ పూలు ఇంకా విరగబూస్తాయి. గుల్‌మొహర్లు సరేసరి. రాత్రి తోటలో కూర్చుంటే ముందు వినపడేది పైడికంటెల (చిన్న గుడ్లగూబల) గోల, జంటగా అరుచుకుంటాయి. తెల్లారుజాము నాలుగింటికి కోయిల అందుకుంటుంది. అప్పటిదాకా మేలుకుంటే శ్రవణం, అభిజిత్తు బాగా పైకొచ్చి ఉంటాయి. పొద్దున్నే తాటిముంజలు. ఒక రాత్రికి ఇంతకంటే ఏం కావాలి?

తొలకరి పడ్డాక మిణుగురులు. అవి చీకటి ఉన్నచోటే ఉంటాయి. లైటు పెడితే ఒకదానికొకటి కనపడక జత కట్టలేవు. చుక్కలకీ మిణుగురులకీ శత్రువు ఒకటే.

కొత్తపేట_కుర్రాడు
టెలిస్కోపు కొందామనుకుంటున్నా. ఆన్‌లైన్‌లో చిన్నవి చవగ్గా దొరుకుతున్నాయి. తీసుకోవచ్చా?

చుక్కల_పంతులు
వద్దు నాయనా. ఆ చవకవి స్టాండు ఊగి, ఏదీ నిలవక, రెండోరోజే అటకెక్కుతాయి. ముందు 10x50 బైనాక్యులర్ తీసుకో. పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు. గోడకి మోచేతులు ఆనించి గురుడి వైపు పెట్టు. పక్కన ఒకే గీతలో చిన్న చిన్న చుక్కలు కనపడతాయి. 1610లో గెలీలియో చూసిన నాలుగు చంద్రులు అవే. రోజూ చోటు మారుతుంటాయి. కాగితం మీద గీసుకుంటూ పో. చంద్రుడి మీద గుంటలు సప్తమి, అష్టమి రోజుల్లో చూడు. పున్నమినాడు నీడలు పడవు, అన్నీ చదునుగా ఉంటాయి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకు. క్షణంలో కన్ను పోతుంది.

చుక్కల పేర్లకి ఫోన్‌లో స్టెల్లేరియం అనే యాప్ ఉచితం. అందులో రాత్రి మోడ్ పెడితే తెర ఎర్రగా మారుతుంది.

జాజితీగ
ఈ శనివారం, మే 9, పగలు కూడా పిల్లలకి పని ఉంది. హైదరాబాద్‌లో ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నిలబెట్టిన సీసాకి నీడ పక్కకి పడదు, అడుగునే దాక్కుంటుంది. మళ్లీ ఆగస్టు 3న ఇలా జరుగుతుంది కానీ అప్పటికి మబ్బులు. టోపీలు పెట్టి అయిదు నిమిషాలు తీసుకెళ్లండి.

ఉప్పల్_బాబాయ్
పంతులూ, ఒకటడుగుత. రోహిణి కార్తెల రోళ్లు పలుగుతయంటరు. ఆ కార్తెల రోహిణి చుక్క చూద్దమని మస్తుసార్లు ఎతికిన. దొర్కది. ఎందుకు?

చుక్కల_పంతులు
బాబాయ్, ఈ చర్చ మొత్తంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో అది. మే 25 ప్రాంతంలో సూర్యుడు రోహిణి భాగంలోకి వస్తాడు. అంటే ఆ చుక్క పగలే సూర్యుడితో పాటు లేచి, అతనితోనే అస్తమిస్తుంది. రాత్రి ఎంత వెతికినా ఉండదు. జూన్ 8న మృగశిర వచ్చి మనం చేపల కూర తినేనాటికి మృగశిరదీ అదే గతి. అవే చుక్కలు చలికాలం రాత్రి తలమీద ఉంటాయి. కార్తెలు పెట్టినవాళ్లు పగటి ఆకాశంలో కనపడని చుక్కని లెక్కతో పట్టుకున్నారు. మన రైతులు ఇప్పటికీ ఆ లెక్కతోనే విత్తనం మాట్లాడుకుంటారు.

ఉప్పల్_బాబాయ్
గట్లనా! ఇన్నేండ్లకు సమజైంది. మనుమనికి చెప్త.

సైనిక్‌పురి_సుధ
లైట్ల గురించి ఒక మాట. మా కాలనీలో డాబాల మీద ఫోకస్ లైట్లు ఆకాశం వైపు తిరిగి ఉండేవి. ఇంటింటికీ వెళ్లి అడిగాం. చాలామంది వెంటనే కిందకి తిప్పారు. ఎవరూ అడగలేదు కాబట్టే అలా ఉన్నాయట.

లక్డీకాపూల్_రవి
దొంగల భయం ఉంది కదండీ. లైట్లు తీసెయ్యమంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

సైనిక్‌పురి_సుధ
తియ్యమనలేదు, తిప్పమన్నాం. వెలుతురు నేల మీద పడితేనే దొంగ కనపడతాడు. పైకి పోయేదంతా కరెంటు దండగ. తెల్ల లైటు బదులు పసుపు లైటు పెడితే ఇంకా మేలు. నీలం పాలు ఎక్కువున్న తెల్లని వెలుతురు గాల్లో ఎక్కువ చెదురుతుంది, ఆకాశం వెలిసిపోయేది దానివల్లే. ఇది మీ అసోసియేషన్ ముందు కూడా పెట్టండి, వేసవి_గాలి గారూ.

లక్డీకాపూల్_రవి
తిప్పడమైతే సరే, అది న్యాయమే. పాలపుంత మాత్రం సిటీలో రాదు. ఆ మాట మీద నేను కదలను.

నల్లమల_నడక
దాంట్లో ఎవరికీ తగువు లేదు రవి గారూ, మీరూ మాతో రండి. మే 16 శనివారం అమావాస్య. ఇంతకన్నా మంచి తేదీ ఈ సీజన్‌లో మళ్లీ పడదు. మర్నాటి నుంచి అధిక జ్యేష్ఠం. 18 సాయంత్రం పడమట సన్నని నెలవంక శుక్రుడి దగ్గరకొస్తుంది, అది డాబా మీదనుంచే చూడొచ్చు. శుక్రుడు, గురుడు రోజురోజుకీ దగ్గరవుతున్నారు. జూన్ 9 నాటికి చెయ్యి చాపి బొటనవేలు అడ్డం పెడితే రెండూ దాని వెనకే దాగుతాయి. అప్పటికి రుతుపవనాలు వచ్చేస్తే మబ్బుల సందుల్లోంచి పట్టుకోవాలి, అందుకే ఇప్పటినుంచే రోజూ చూస్తుండండి.

మా గుంపు 16న దేవరకొండ వైపు తెలిసిన రైతు పొలానికి పోతోంది. కుటుంబాలే. వంట అక్కడే.

మంజీర_తీరం
ఆ రోజు సాయంత్రం గాలివాన వస్తే? మే నెలలో ఉన్నట్టుండి ముసురుకుంటుంది కదా.

నల్లమల_నడక
వస్తే రానీ. అయిదారింటికి వాన పడి తొమ్మిదికల్లా వెలిసిందంటే అంతకన్నా అదృష్టం లేదు. ఎండాకాలం ఆకాశాన్ని మసకబార్చేది దుమ్ము. వాన దాన్ని కడిగేస్తుంది. అలాంటి రాత్రి చుక్కలు చేతికందేలా ఉంటాయి. పిడుగులు పడుతుంటే మాత్రం పొలం మధ్యలో ఉండం, ఇంట్లోకి పోతాం. మబ్బు తెరిపివ్వకపోతే 17కి మారుద్దాం, ఆ రాత్రీ చంద్రుడు తొందరగానే అస్తమిస్తాడు.

కొత్తపేట_కుర్రాడు
ఎల్‌బీనగర్ నుంచి ఇద్దరికి కార్లో చోటుందా? బైనాక్యులర్ తెస్తాం.

మల్లెపందిరి
మా కార్లో ఉంది. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర నాలుగింటికి రండి, చీకటి పడకముందే చేరాలి. ఎర్ర గాజుకాగితం ఎవరైనా ఎక్కువ తెండి, పిల్లల టార్చీలకి కూడా కట్టాలి.

లక్డీకాపూల్_రవి
నేనూ వస్తున్నా. పులిహోర నాది.